సిమ్ లేని ఫోన్ – 3వ పాఠం: స్పీడ్ కాదు, నిలకడ చూడాలి

పోయిన పాఠంలో ఇంటర్నెట్ కాల్ సర్వీసులు రెండు రకాలని చెప్పుకున్నాం. అవతలివాళ్ల ఫోన్‌లోనూ అదే యాప్ ఉంటేనే పనిచేసేవి ఒక రకం. మనకంటూ ఒక నంబరిచ్చి, మామూలు ఫోన్లకు కూడా కాల్ కలిపేవి రెండో రకం. సిమ్ వదిలేద్దామనుకునేవాళ్లకు కావలసింది రెండో రకమే కాబట్టి ఇక మీదట దాని గురించే మాట్లాడుకుందాం. ఖాతా తెరవనివాళ్లు కంగారుపడక్కర్లేదు, ఈ పాఠం మొదటి సగానికి దాంతో పని లేదు.

సిమ్ మాత్రం ఇప్పుడే తీసేయకండి. ముందు మీ ఇంటర్నెట్ లైన్ సంగతి తేలాలి.

"నాది 100 ఎంబీపీఎస్ కనెక్షన్, అయినా కాల్‌లో మాట ఎందుకు తెగుతోంది?" అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్క వేద్దాం. కోడెక్ అంటే మాటను అంకెలుగా మార్చే పద్ధతి. జీ.711 అనే పాత కోడెక్ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాసుకుంటుంది. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. ఈ మాటను మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, కాబట్టి సెకనుకు 50 ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్‌లో మాట 160 బైట్లు, దాని మీద చిరునామాలూ వరుస నంబరూ కలిపి ఇంకో 40 బైట్లు. మొత్తం వేస్తే ఒక వైపుకు 80 కిలోబిట్లు. మీ 100 ఎంబీపీఎస్‌లో ఇది వెయ్యో వంతు కూడా కాదు. 2012లో ప్రమాణంగా ఖరారైన ఓపస్ కోడెక్ అయితే ఇందులో సగం కూడా వాడకుండా ఇంతకంటే బాగా వినిపిస్తుంది.

కాబట్టి గొడవ స్పీడ్‌తో కాదు. ఆ 50 ప్యాకెట్లూ సమంగా, వరసగా వస్తున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఫైల్ దించుకునేటప్పుడు ఒక ముక్క పోతే కంప్యూటర్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. మాటకు అంత వ్యవధి ఉండదు. మీరు "రేపు వస్తా" అన్నప్పుడు "రే" తప్పిపోయి అర సెకను తర్వాత చేరితే, అప్పటికి వాక్యమే అయిపోయి ఉంటుంది. అందుకే ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను ఫోన్ పారేస్తుంది. మనకది మాట తెగినట్టు వినిపిస్తుంది. ప్యాకెట్ల మధ్య వచ్చే ఈ ఎగుడుదిగుడును జిట్టర్ అంటారు. దాన్ని సర్దడానికి ఫోన్ వచ్చిన ప్యాకెట్లను కాసేపు పట్టి ఉంచి, ఆ తర్వాత వరసగా వినిపిస్తుంది. అలా ఎక్కువసేపు పట్టి ఉంచితే మాట తెగదు గానీ సంభాషణ ఆలస్యమవుతుంది, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోతుంటారు.

ఇప్పుడు పరీక్ష. పింగ్ అంటే ఒక సర్వర్‌కు చిన్న ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూపించే కమాండ్. కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి ping అని కొట్టి, స్పేస్ ఇచ్చి, చిరునామా రాయండి. మీ సర్వీసు సర్వర్ పేరు తెలిస్తే అదివ్వండి. అది జవాబివ్వకపోతే గూగుల్ వాళ్ల 8.8.8.8 ఇవ్వండి, కనీసం మీ లైన్ ఎలా ఉందో తెలుస్తుంది. విండోస్ నాలుగుసార్లు పంపి ఆగిపోతుంది, ఆ నాలుగూ ఏ మూలకూ చాలవు. చిరునామా తర్వాత స్పేస్, హైఫన్, చిన్నబడి ఎన్, స్పేస్, 100 చేర్చితే వందసార్లు పంపుతుంది. మ్యాక్‌లో అయితే ఇదేమీ చేర్చకుండానే మీరు ఆపేదాకా పంపుతూనే ఉంటుంది.

మిల్లీసెకన్లలో వచ్చే అంకెల్ని ఎలా చదవాలో చూద్దాం. ఒకరి లైన్‌లో 38, 41, 39, 187, 40, 38, 210, 39 వచ్చాయి. ఇంకొకరికి 96, 97, 95, 96, 98, 96. మొదటిది చూడగానే బాగున్నట్టు అనిపిస్తుంది. కాల్‌కు మాత్రం రెండోదే మంచిది. మధ్యలో వచ్చిన ఆ 187, 210 ఉన్నాయే, మాటను తెంపేవి అవే. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే ఇబ్బంది తెలియదనీ, 400 దాటకూడదనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు. పింగ్ చూపించేది వెళ్లి వచ్చిన సమయం కాబట్టి దాదాపు సగం లెక్కేసుకోండి. పైన ఫోన్ తన వంతు ఆలస్యం కలుపుతుందని మరిచిపోవద్దు. చివర్లో ఎన్ని పోయాయో కూడా చూపిస్తుంది. వందలో ఒకటి పోతే సర్దుకోవచ్చు, ఐదు పోతే చెవికి తెలిసిపోతుంది.

ఇదే పరీక్ష రెండోసారి, ఈసారి ఏదైనా పెద్ద వీడియో అప్‌లోడ్ అవుతుండగా చేయండి. అసలు రంగు అప్పుడే బయటపడుతుంది. అప్‌లోడ్ నిండిపోతే రౌటర్‌లో ప్యాకెట్లు బారులు తీరతాయి, మీ మాట కూడా ఆ వరసలోనే నిలబడాలి. నా అనుభవం చెప్తాను. రోజూ రాత్రిపూట నా కాల్స్ ముక్కలు ముక్కలుగా వినిపించేవి. వారం పాటు సర్వీసు వాళ్లను తిట్టుకుని, ఫిర్యాదు కూడా రాసి పెట్టుకున్నా. తీరా చూస్తే ఆ వేళకే నా ఫోన్ ఫొటోల బ్యాకప్ మొదలుపెడుతోంది! ఫిర్యాదు పంపకపోవడం నా అదృష్టం. మీ రౌటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉంటే కాల్స్‌కు ముందు దారి ఇవ్వమని చెప్పొచ్చు. లేదంటే బ్యాకప్ వేళ మార్చేయండి. వైఫై దగ్గరే ఒడిదుడుకులుంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారి చూడండి.

లైన్ ఓకే అనుకున్నాక ఖాతా అమర్చుకుందాం. సర్వీసు సొంత యాప్ అయితే లాగిన్‌తో పని అయిపోతుంది. సిప్ (ఇంటర్నెట్ కాల్స్ కలపడానికి చాలా సర్వీసులు వాడే ఉమ్మడి పద్ధతి) యాప్ అయితే మూడు గడులు నింపాలి: సర్వర్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఎక్కువమంది తప్పటడుగు వేసేది మూడో గడి దగ్గరే. చాలా సర్వీసుల్లో వెబ్‌సైట్ పాస్‌వర్డ్ వేరు, సిప్ పాస్‌వర్డ్ వేరు. యూజర్‌నేమ్ కూడా ఈమెయిల్ కాకుండా ఒక అంకెల వరసో, మీ నంబరో అయి ఉంటుంది. అన్నీ సరిపోతే "రిజిస్టర్డ్" అని కనిపిస్తుంది. 403 అని వస్తే సర్వర్ మిమ్మల్ని కాదంటోంది, గడులు మళ్లీ చూసుకోండి. 408 వస్తే జవాబు కోసం చూసి చూసి గడువు దాటిపోయిందని అర్థం, సర్వర్ పేరూ నెట్టూ చూడండి.

మొదటి కాల్ ఎవరికో చేసి "వినపడుతోందా, వినపడుతోందా" అనక్కర్లేదు. చాలా సర్వీసులు ఎకో టెస్ట్ నంబరు ఇస్తాయి, మీరన్నది మీకే తిరిగి వినిపిస్తుంది.

అక్కడ మీ గొంతు తిరిగి రాకపోతే? రింగ్ అవుతుంది, కాల్ కలుస్తుంది, కానీ ఒక వైపు నిశ్శబ్దం. ఈ రంగంలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే జబ్బు ఇది. కాల్ కలిపే కబురు ఒక దారిన, మాట ఇంకో దారిన వెళ్లడం దీనికి మూలం. మీ ఫోన్ "నాకు రావలసిన మాట ఈ చిరునామాకు పంపండి" అంటూ 192.168తో మొదలయ్యే చిరునామా ఇచ్చేస్తుంది. అది మీ రౌటర్ లోపల మాత్రమే చెల్లుతుంది, బయటివాళ్లకు ఆ గుమ్మం ఎక్కడుందో తెలియదు. యాప్ సెట్టింగ్స్‌లో స్టన్ ఆన్ చేస్తే ఫోన్ తన బయటి చిరునామా తెలుసుకుని అదే చెబుతుంది. అప్పటికీ కుదరకపోతే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనేది ఉందేమో చూసి ఆఫ్ చేయండి. సాయం చేద్దామని పెట్టిన సెట్టింగే అది, చాలాసార్లు చేసేది మాత్రం చెడగొట్టడమే.

ఇంటి పని: మూడు రోజులు పొద్దున, సాయంత్రం, రాత్రి పింగ్ పరీక్ష చేసి, అన్నిటికంటే పెద్ద అంకె, పోయిన ప్యాకెట్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఎకో టెస్ట్ ఒకసారి ఇంటి వైఫైలో, ఇంకోసారి వేరేవాళ్ల వైఫైలో చేయండి. వచ్చే పాఠంలో ఓటీపీలు, అత్యవసర నంబర్లు. ఆ పాఠం అయ్యేదాకా సిమ్ ఫోన్‌లోనే ఉండనివ్వండి.