మీకు మీరే కోచ్ – 6వ పాఠం: కారణం గడిలో ‘బద్ధకం’ అని రాయకండి

రోజూ ఏం చేద్దామనుకున్నారో, ఏం చేశారో ఒక పుస్తకంలో రాసుకోమన్న పోయిన పాఠం కావాలనే దసరా ముందు ఇచ్చాను. దసరా వెళ్లిన సోమవారం పైడితల్లమ్మ జాతర తొలేళ్లు, మంగళవారం అసలు ఉత్సవం సిరిమాను అని విజయనగరంలో ఎవరికీ క్యాలెండర్ చూపించక్కర్లేదు. చుట్టాలు ఆదివారానికే దిగిపోతారు. పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య బండి కాదు కదా, మనిషి నడవడమే కష్టం. అయినా మీరు తెచ్చి చూపించిన పుస్తకాల్లో ఆ మంగళవారం కింద కూడా ‘సాయంత్రం 5 నుంచి 7 – రీజనింగ్’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఇంట్లో పదిమంది చుట్టాలుంటే రీజనింగ్ ఎవరు చేస్తారు?

సరే, పండగ వెళ్లిపోయింది. దాని గురించి ఇంకేం అనను. నాకు చిరాకు తెప్పించింది మూడో గడి.

అనుకున్నది, అయినది, కారణం అని మూడు గడులు గీయమన్నాను. ఎలా గీయాలో మళ్లీ చెప్పను. యాప్‌లో చేసుకుంటామన్నవాళ్లకి మాత్రం ఒక మాట: వద్దు. కిరాణా కొట్లో పద్దులు రాసే పొడుగు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. టైం రాద్దామని ఫోన్ తీసినవాళ్లు టైం ఒక్కటే రాసి ఫోన్ కింద పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి గడి అందరూ నింపారు. రెండోది చాలామంది రాత్రి పడుకోబోయే ముందు ఒక్క ఊపులో నింపేశారు. మూడో గడిలో చూస్తే బద్ధకం. కింద మళ్లీ బద్ధకం. ఆ కింద ‘మూడ్ లేదు’. ఒకాయన ‘షరా మామూలే’ అని గీత కొట్టి వదిలేశాడు.

బద్ధకం అని రాశాక ఇంక అడగడానికేమీ మిగలదు. రేపు ఏం మార్చాలి? మిమ్మల్ని మీరే మార్చేసుకోవాలా? ఒక్క రాత్రిలో అది అయ్యే పనేనా? మార్చడానికి చేతికి అందేవి వేరే ఉంటాయి: ఆ గంట, ఆ చోటు, చేతిలో ఉన్న వస్తువు, పక్కనున్న మనిషి, కడుపులో ఆకలి. గడిలోకి రావాల్సింది అవి.

చీపురుపల్లి తమ్ముడొకడు ఇక్కడ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెల్ షాపులో చేస్తూ బ్యాంకు పరీక్షకి చదువుతున్నాడు. పుస్తకంలో రోజూ ‘రాత్రి 9:30 నుంచి 11:30 – లెక్కలు’. వారమంతా అయినది సున్నా, కారణం బద్ధకం. కూర్చోబెట్టి అడిగాను.

“షాపు ఎన్నింటికి మూస్తారు?”

“తొమ్మిదికండీ.”

“షట్టర్ పడేది?”

“అంత బేగి పడదండి. కౌంటర్ లెక్క చూసుకుని, అద్దాల్లో ఫోన్లు లోపల పెట్టేసరికి తొమ్మిదిన్నర అవుతాది.”

“ఇల్లు చేరేది?”

“బస్సు దొరికితే పదిన్నర, లేదంటే పదకొండు.”

“స్నానం, భోజనం?”

అప్పుడు నవ్వాడు. తొమ్మిదిన్నరకి షట్టర్‌కి తాళం వేస్తున్నవాడు పుస్తకంలో మాత్రం లెక్కలు చేస్తున్నాడు. ఇందులో బద్ధకం ఎక్కడుంది? పొద్దున్న తొమ్మిది నుంచి నిలబడే ఉన్న మనిషి అతను. లేని గంటలో పని పెట్టుకున్నాడు, అంతే.

ఉన్న గంట ఎక్కడుందో కూడా అతని నోటి నుంచే వచ్చింది. పొద్దున్న చీపురుపల్లిలో రైలెక్కితే విజయనగరం వచ్చేదాకా అరగంట పైచిలుకు రీల్స్ చూస్తాడు. ఇప్పుడు అతని మొదటి గడిలో టైం లేదు. ‘రైలు ప్లాట్‌ఫాం దాటగానే నిన్న ఆపేసిన చోటు నుంచి ఐదు లెక్కలు’ అని ఉంది. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన ప్రసిద్ధ వ్యాసం దీని మీదే. ‘ఇది జరిగినప్పుడు అది చేస్తాను’ అని ముందే ముడి వేసుకున్నవాళ్లు, ఉట్టి సంకల్పం చెప్పుకున్నవాళ్ల కంటే ఎక్కువగా పని పూర్తి చేస్తారని పరిశోధనల్లో తేలింది.

“నిజంగానే బద్ధకం అయితే ఏం రాయాలి?” అని ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది. ఐదింటికి హాస్టల్‌కి వస్తుంది, వేరే పనేమీ ఉండదు, అయినా ఏడు దాకా మంచం మీదే. మంచం ఎందుకు ఎక్కావమ్మా అంటే, చార్జింగ్ పెట్టే ప్లగ్ అక్కడే ఉందట. మధ్యాహ్నం పన్నెండుకి తిన్న అన్నం, మళ్లీ ఎనిమిదికి గాని మెస్ తెరవరట. ఆకలి, ప్లగ్. ఈ రెండూ రాయమన్నాను. నాలుగు అరటిపళ్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కుంది. ఫోన్ ఇప్పుడు గుమ్మం దగ్గర చార్జింగ్ అవుతోంది.

శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు పొద్దున్న నడక రాస్తున్నారు. నడవని రోజు ఆయన కారణం గడిలో ‘ఎడమ చెప్పు అరిగింది, మోకాలు లాగింది’ అని ఉంది. చెప్పులు మార్చారు. ఆ గడి అలా ఉండాలి.

ఇక అంచనాల సంగతి. 1994లో కెనడాలో కొందరు విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 అన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే. చదువుకున్నవాళ్లు, తమ పని గురించి తామే చెప్పిన లెక్క ఇది. ఇలా తక్కువ వేసుకునే అలవాటుకి డానియల్ కానెమన్, ఏమాస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ‘ప్లానింగ్ ఫాలసీ’ అని ఒక పేరు కూడా పెట్టారు. అంచనా వేసేటప్పుడు మన కళ్లు ముందున్న పని మీదే ఉంటాయి. పోయినసారి అదే పనికి ఎంత పట్టిందో చూసుకోం. అందుకే రెండో గడి. ఈలోగా నా అడ్డదారి ఒకటి వాడుకోండి: చేసి అలవాటున్న పనైతే అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు, కొత్త పనైతే రెట్టింపు.

పొందూరు నుంచి ఒక చెల్లి పుస్తకం వేరేగా ఉంది. ఇంట్లో ఖద్దరు నూలు వడుకుతారు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర నుంచి అన్నీ ఆమెకి వచ్చు. వడికే పని దగ్గర అనుకున్నదీ అయినదీ దాదాపు ఒకటే. చదువు దగ్గర ఒక్కరోజూ కలవలేదు. ఎందుకంటే నూలు దగ్గర ‘ఇన్ని చిలపలు’ (అంటే నూలు చుట్టలు) అని రాసుకుంది, చదువు దగ్గర ‘చరిత్ర – 2 గంటలు’ అని రాసుకుంది. రెండు గంటలు పుస్తకం ముందు కూర్చోవడం ఎవరైనా చేస్తారు. ‘చరిత్ర – 6 పేజీలు’ అని మార్చమన్నాను. మీరూ మార్చండి.

మొదటి పాఠంలో చెప్పిన నాలుగు మెట్లు గుర్తున్నాయా? గమ్యం, వాస్తవం, మార్గాలు, సంకల్పం. రేసు కార్లు నడిపి ఆ తర్వాత కోచింగ్ వైపు వచ్చిన జాన్ విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన వరస అది. మనవాళ్లందరూ గమ్యం మీంచి ఒక్క గెంతులో సంకల్పం మీద పడుతున్నారు. ఈ వారం రెండో మెట్టు మీదే నిలబడతాం.

అంటే ఈ వారం టైంటేబుల్ లేదు. మొదటి గడి ఖాళీగా వదిలేయండి, చేయి దురద పెట్టినా సరే. లేచినప్పటి నుంచి పడుకునేదాకా పని మారిన ప్రతిసారీ, అప్పటికప్పుడే, టైం వేసి రెండో గడిలో రాయండి. వంట, బస్సు కోసం నిలబడటం, పక్కింటావిడతో మాటలు, ఫోన్, అన్నీ. ఏడు రోజులూ. కష్టమే, రెండో రోజుకే విసుగొస్తుంది. రాయడం మర్చిపోయిన గంట ఖాళీగానే ఉండనివ్వండి, రాత్రి గుర్తు చేసుకుని నింపొద్దు.

ఏడో రోజు ఆ పేజీలు ముందేసుకుని, పని ఆగిపోయిన ఒక్క చోటు ఎంచుకోండి. ఆ టైంకి ఎక్కడున్నాను, చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం తిన్నాను అని పక్కవాణ్ని అడిగినట్టు అడిగి జవాబులు రాయండి. బద్ధకం, మూడ్, కుదరలేదు – ఈ మూడూ నిషేధం. ఆ జవాబుల్లోంచి ‘ఇది జరగగానే అది చేస్తాను’ అన్న వాక్యం ఒకటే తయారు చేసుకోండి. రెండు వద్దు. వచ్చే పాఠం ఆ వాక్యంతో మొదలవుతుంది కాబట్టి, అది లేనివాళ్లు ఇంకో వారం ఆగి చదవండి.