రాతలో రోల్‌ప్లే: అవతలివాళ్ల పాత్ర జోలికి పోకండి

ఇద్దరు ముగ్గురు కలిసి చాట్‌లో కథ అల్లే టెక్స్ట్ రోల్‌ప్లే మొదలుపెడుతుంటే ముందు ఇది గుర్తుపెట్టుకోండి: మీ చేతిలో ఉన్నది మీ పాత్ర ఒక్కటే. మేం ఏడు కొండల నడుమ ఉండే దేవరకొండ ఖిల్లా మీద కథ నడుపుతున్నప్పుడు నేను "నా దెబ్బకు కాపలావాడు కుప్పకూలాడు" అని రాసేశాను. ఆ కాపలావాడిని రాస్తున్న మహబూబ్‌నగర్ దోస్తు రెండు రోజులు మాట్లాడలేదు. తప్పు నాదే. "కత్తి అతని భుజం మీదికి దించబోయాను" అని ఆపాల్సింది. తగిలిందా, తప్పించుకున్నాడా అన్నది అతను రాయాలి. ఇలా అవతలివాళ్ల పాత్రకు ఏం జరిగిందో మనమే రాసేయడాన్నే గాడ్‌మోడింగ్ అంటారు.

మీ వంతు చివర అవతలివాళ్లు అందుకోవడానికి ఏదో ఒకటి వదలండి. "సరే అన్నాడు" అంటే కథ అక్కడే ఆగిపోతుంది. "సరే అంటూనే గుమ్మం వైపు చూశాడు, అక్కడి దివిటీ ఆరిపోయి ఉంది" అంటే ఎవరికైనా రాయబుద్ధవుతుంది.

పెద్ద ఫోన్ అక్కర్లేదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో పుట్టిన మడ్ (MUD) అనే కంప్యూటర్ ఆట కూడా బొమ్మల్లేకుండా అక్షరాలతో నడిచిందే.

పాత్రగా కాకుండా మీరే మాట్లాడాలంటే జంట బ్రాకెట్లలో పెట్టండి: ((కరెంటు పోయింది, రేపు రాస్తా)). చెప్పకుండా మాయమవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. హింస, ప్రేమ సన్నివేశాలు ఎంతవరకు అన్నది మొదటి రోజే అడిగేయండి. పాత్రలు గట్టిగా కొట్లాడిన రోజు మాత్రం ((మస్తు రాసినవ్ రా)) అని ఒక ముక్క తప్పకుండా పెట్టండి.