స్టేట్‌మెంట్‌లో తెలియని పేరు కనిపిస్తే ముందు పెట్రోల్ బంకు గుర్తుతెచ్చుకోండి

హన్మకొండలోనో ములుగు రోడ్డులోనో కార్డుతో పెట్రోల్ పోయిస్తే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆయిల్ కంపెనీ పేరే రావాలని లేదు. చాలాసార్లు డీలర్ పేరు పడుతుంది, ఏదో ఏజెన్సీస్, ట్రేడర్స్ అని. అది కూడా సగంలో తెగిపోయి! కార్డు స్లిప్ పైభాగంలో ఉండేది సాధారణంగా ఆ పేరే, పోల్చి చూడండి. స్లిప్ మీద అక్షరాలు తొందరగా మాసిపోతాయి కాబట్టి ఫొటో తీసి పెట్టుకోవడం మేలు.

క్రెడిట్ కార్డైతే ఇంకో చిక్కుంది. 2,000 కొట్టిస్తే సాధారణంగా 1 శాతం సర్‌చార్జి 20 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 3.60. బంకువాళ్లు ఎక్కువ గీకారని గొడవకు పోకండి, ఇది బ్యాంకు వేసేది. మాఫీ ఉన్న కార్డుకు ఆ 20 తర్వాత వెనక్కొస్తుంది, జీఎస్టీ మాత్రం చాలా కార్డుల్లో రాదు. మాఫీకి కనిష్ఠ, గరిష్ఠ బిల్లు హద్దులుంటాయి. వంద, రెండొందలు కొట్టిస్తే వర్తించకపోవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ చేస్తే ఈ బాధే లేదు.

పేరు, తేదీ, మొత్తం ఏదీ కలవకపోతే కార్డు బ్లాక్ చేసి, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. మోసమనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ కొట్టండి.