పండగ కానుక ఊరు దాటేసరికి పాడైపోతోందా? సమస్య - పరిష్కారం

ముక్కనుమ రాత్రి మా ఆడపడుచు వాళ్లని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, అదే ఆమదాలవలసలో, హైదరాబాద్ రైలెక్కించి ఇంటికొచ్చాం. ఆమె సామాన్లలో నేను పదిరోజులు కూర్చుని చేసిన కానుక ఉంది. రంగులేసిన మట్టి పిడత, దాన్నిండా జీడిపప్పు చిక్కీ, రెండూ పెట్టుకోడానికి పొందూరు ఖాదీతో కుట్టిన చేతిసంచి. రెండోరోజు వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. చిక్కీ ముక్కలన్నీ కలిసి ఒకే ముద్ద. పిడత మీద రంగు, చుట్టిన కవరుకి అంటుకుని ఊడొచ్చింది. తెల్లటి ఖాదీ మీద ఎర్రటి మరక. కింద "వదినా, రుచి మాత్రం సూపర్" అని రాసింది. ఆ "మాత్రం" దగ్గరే నాకు నిద్ర పట్టలేదు.

మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పండగ కానుక ఇచ్చినచోట ఉండదు. విశాఖో, చెన్నయ్యో, హైదరాబాదో పోతుంది. తప్పు బయటపడేసరికి అది మన చేతిలో ఉండదు. అందుకే ఆ తర్వాత ఒక్కోదాన్నీ మళ్లీ చేసి, ఎక్కడ తేడా కొట్టిందో చూసుకున్నాను.

చిక్కీ ముక్కలు అతుక్కుపోతున్నాయి, పంటికి సాగుతున్నాయి

మొదట అనుమానించాల్సింది పాకాన్నే. చిక్కీకి ఉండపాకం చాలదు, గట్టిపాకం రావాలి. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి దగ్గర పెట్టుకోండి. పాకం చుక్క అందులో వేసి వేళ్లతో కూడదీయండి. మెత్తగా, నొక్కితే అణిగేలా ఉంటే అది ఉండపాకం. లడ్డూలా చుట్టుకునేవాటికి సరిపోతుంది. ఇంకాస్త మరిగాక అదే చుక్క గట్టిపడి, తీసి పళ్లేనికేసి కొడితే టంగుమంటుంది. విరిస్తే టక్కున విరగాలి, సాగకూడదు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒకటి రెండు నిమిషాలే. నేను సరిగ్గా ఆ సమయంలోనే గ్యాస్‌వాడు బెల్లు కొట్టాడని స్టవ్ కట్టేశాను.

పాకం సరిగ్గానే వచ్చినా మెత్తబడిందంటే చెమ్మ తగిలిందన్నమాట. బెల్లం గాలిలో తడిని లాగేసుకుంటుంది. మనది సముద్రం పక్క జిల్లా, పైగా సంక్రాంతి నెలంతా తెల్లవారుజామున మంచు. దానికి తోడు నేను చేసిన తెలివితక్కువ పని, చిక్కీని మట్టి పిడతలో పెట్టడం. మట్టిపాత్ర తడిని పీల్చి వదులుతూ ఉంటుంది. మంచినీళ్లు చల్లబడేది ఆ గుణంవల్లే, చిక్కీ చెడేదీ ఆ గుణంవల్లే.

ఏం చేయాలి: చిక్కీ పూర్తిగా చల్లారాకే మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో వేయండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి నీరవుతుంది. అరిసెలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి. వాటి మెత్తదనం వీటికి అంటుతుంది. పిడతలోనే ఇవ్వాలని ముచ్చటైతే, ముందు చిక్కీని గాలి చొరని కవర్లో వేసి, ఆ కవరుని పిడతలో పెట్టండి. పలాస జీడిపప్పు గుండ్లు కాకుండా బద్దలు కొంటే ధర కలిసొస్తుంది, చిక్కీ పరుచుకోడానికీ అవే నయం.

ఇప్పటికే సాగుతున్న చిక్కీని పారేయనక్కర్లేదు. మూకుడులో రెండు చెంచాల నీళ్లతో సన్నటి సెగ మీద కరిగించి, మళ్లీ టంగుమనేదాకా తెచ్చి పరవండి. ఈ వైద్యం ఒక్కసారికే. రెండోసారికి పప్పు మాడువాసన వస్తుంది.

నువ్వుండలు రాళ్లయ్యాయి

ఇది దానికి తిరగబడ్డ కేసు. చిక్కీ దెబ్బకి భయపడి నువ్వులకీ పాకం ముదరబెట్టాను. పక్కింటి పెద్దావిడ ఒకటి నోట్లో వేసుకుని, దవడ మార్చి, "ఏటమ్మా, పిల్లలికి గోలీలు చేసినావేటి?" అంది.

నువ్వుండలకి ఉండపాకం దాటకూడదు. పొయ్యి దించాక కూడా మూకుడు వేడికి పాకం ముదురుతూనే ఉంటుంది కాబట్టి, వేయించిన నువ్వులు ముందే పక్కన సిద్ధంగా ఉంచుకోండి. చేతికి నీళ్లు కాదు, నెయ్యి రాసుకుని చుట్టండి. గట్టిపడిపోయినవాటిని రోట్లో దంచి, కాస్త నెయ్యి కలిపి చిమ్మిలిలా ఉండలు చేసేయండి. అవి గోలీలని ఎవరికీ తెలీదు.

అరిసెలు నూనెలో విడిపోతున్నాయి

పాకం తక్కువైంది, లేదంటే పిండి ఆరిపోయింది. అరిసెల పిండి తడిపిండి. బియ్యం నానబెట్టి, నీళ్లోడ్చి, చెమ్మ ఉండగానే ఆడించి, వెంటనే పాకంలో కలపాలి. చలిమిడి జారుగా ఉంటే గుప్పెడు పిండి కలిపి, ఒక్కటి వేసి చూసి, తర్వాత మిగతావి.

పిడత మీద రంగు పొరలుగా ఊడుతోంది, లేదా తెల్లటి పొడి కనిపిస్తోంది

కుమ్మరి దగ్గర కొన్న పిడత పైకి ఎండినట్టే ఉంటుంది. లోపల తడి ఉంటే అది బయటికి పోవాలి, దారిలో మన యాక్రిలిక్ రంగు అడ్డం. అప్పుడు రంగుని తోసుకుంటూ వస్తుంది. తెల్లటి పొడి మట్టిలోని ఉప్పు, తడితోపాటు పైకొచ్చి అక్కడే మిగిలిపోతుంది. బూజనుకుని తుడిస్తే మళ్లీ వస్తుంది.

పిడతని ఒకరోజంతా నీళ్లలో నానబెట్టి, నీళ్లు రెండుమూడుసార్లు మార్చండి. ఉప్పు చాలావరకు దిగుతుంది. తర్వాత మూడు నాలుగు రోజులు మంచి ఎండ. ఎండిందో లేదో తేల్చుకోడానికి, పాలిథిన్ కవరులో పెట్టి మూతి కట్టి మధ్యాహ్నం ఎండలో ఉంచండి. గంటలో కవరు లోపల నీటిబొట్లు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. బొట్లు లేకపోతే సన్నటి గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ ఒక పూత, రంగు పల్చగా రెండు పూతలు వేయండి. లోపలివైపు రంగు వద్దు, అందులో తినేవి పెడతాం కదా.

మరి నాది కవరుకి ఎందుకు అంటుకుంది? యాక్రిలిక్ గంటలో చేతికి అంటదు గాని, పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది. నేను భోగి ముందురోజు రంగేసి, కనుమనాడు కవరు చుట్టాను. పైన వార్నిష్ వేసి, వారం ఆగి, ప్లాస్టిక్ కవరు బదులు బటర్ పేపర్ చుట్టండి. పిడత బయట గుడ్డ చుట్టడమే కాదు, లోపల కూడా గుడ్డ కుక్కాలి, లేకపోతే మూతి అంచు పగులుతుంది.

కొవ్వొత్తి మధ్యలో గుంట పడుతోంది

మైనం చల్లారుతూ ముడుచుకుంటుంది, అంతే. కొంచెం మైనం మిగిల్చుకుని, గుంట పడ్డాక రెండోసారి పోయండి. వెలిగించగానే ఒత్తి మైనంలో మునిగి ఆరిపోతుంటే ఒత్తి సన్నమైంది. మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి. అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్టవ్ కట్టేసి మూత పెట్టాలి.

సంచి: రంగు దిగింది, కుట్టు ముడతలు పడింది

పొందూరు సన్నఖాదీ మామూలు బట్ట కాదు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, 100 కౌంటు దాకా నూలు వడుకుతారు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). అంత సన్నటి బట్టకి లావు సూది వేస్తే కుట్టు పొడవునా చిల్లులు కనిపిస్తాయి, లాగినట్టు ముడుచుకుంటుంది. 11 నంబరు సూది, సన్నటి దారం పెట్టండి. కింద దారం ఉండలు కడుతుంటే బాబిన్‌ని తిట్టకండి. తప్పు ఎక్కువసార్లు పైదారానిదే. బట్టని నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, పైదారాన్ని మొదటినుంచి మళ్లీ ఎక్కించండి. బట్ట కత్తిరించేముందే ఒకసారి ఉతికి ఆరేస్తే తర్వాత కుంచించుకుపోదు.

లోపల అస్తరుకి పాత చీర ఎర్రంచు వేశాను, చూడముచ్చటగా ఉంటుందని. రైల్లో వాటర్ బాటిల్ కారి ఆ ఎరుపు ఖాదీకి ఎక్కింది. ఆ పరీక్ష నాకు అప్పుడు తెలీదు: రంగుబట్ట మీద తడిపిన తెల్లగుడ్డ పెట్టి ఇస్త్రీ పెట్టె ఆనించండి. గుడ్డకి రంగంటితే ఆ బట్ట దిగుతుంది. ఉప్పునీళ్లలో పెడితే రంగు నిలుస్తుందని అందరూ అంటారు గాని, నేను పెట్టినా దిగింది. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి, లేదంటే వేరే బట్ట వెతుక్కోవాలి. మరక పడిపోతే ఆరనివ్వకుండా, ఇస్త్రీ చేయకుండా, చల్లటి సబ్బునీళ్లలో నానబెట్టి చూడండి.

మా ఆడపడుచు ఆ పని మూడోరోజు చేసింది. మరక గులాబీ రంగులోకి వచ్చి అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడా పొందూరు ఖాదీ సంచిలో ఉల్లిపాయలు పోసుకుంటోంది.