చక్రవడ్డీ, క్రెడిట్ కార్డు బాకీ: పిల్లలకు గింజలతో నేర్పడం ఎలా?

శాతాలు రాకముందే చక్రవడ్డీ నేర్పొచ్చు. కావలసినవి 150 గింజలు (బొత్తాలైనా సరే), రెండు గిన్నెలు, ఒక కాగితం. 8 ఏళ్లు దాటినవాళ్లకు ఈ ఆట సరిపోతుంది. అంతకన్నా చిన్నవాళ్లకైతే, కార్డు గీకి వాడేది బ్యాంకు డబ్బనీ, తిరిగి ఇచ్చేయాలనీ చెబితే చాలు.

1. అప్పు పెరగడం

రెండు గిన్నెల్లోనూ 16 చొప్పున గింజలు వేయండి. ఇది అప్పు. వడ్డీ, ప్రతి వంతుకూ సగం. మొదటి గిన్నెది బారువడ్డీ: ఎప్పుడైనా తొలి 16లో సగం, అంటే 8 గింజలే కలపాలి. రెండోది చక్రవడ్డీ: అప్పటికి గిన్నెలో ఎన్నుంటే వాటిలో సగం కలపాలి. లెక్కపెట్టి వేసే పని పిల్లలదే. మీరు చేసిపెడితే ఆట వృథా.

తొలి వంతుకు రెండింట్లోనూ 24 ఉంటాయి. "రెండూ ఒకటేగా!" అంటారు. అననివ్వండి. ఆ తర్వాత మొదటి గిన్నె 32, 40, 48కి చేరితే, రెండోది 36, 54, 81కి చేరుతుంది. అప్పు ఒకటే, రేటు ఒకటే, మరి తేడా ఎక్కడిది? అడిగి ఊరుకోండి. వడ్డీ కూడా అసలులో కలిసి వడ్డీ తెస్తోందన్న మాట వాళ్ల నోటివెంటే రావాలి.

16తోనే మొదలుపెట్టండి. 20 తీసుకుంటే మూడో వంతుకే అర గింజ కావాల్సి వస్తుంది.

2. అప్పు తీర్చడం

అసలు పాఠం ఇదే, తొందరపడొద్దు. రెండో గిన్నెలో మళ్లీ 16 ఉంచండి. ఈసారి వడ్డీ కలపగానే 8 గింజలు తీసి కట్టాలి. 24 అవుతుంది, 8 తీస్తే మళ్లీ 16. నాలుగు వంతుల్లో 32 గింజలు కట్టినా బాకీ 16 అలాగే ఉంటుంది.

ఇప్పుడు 12 చొప్పున కట్టించండి. 24లో 12 పోతే 12. అది 18 అవుతుంది, 12 పోతే 6. అది 9 అవుతుంది, ఆ తొమ్మిదీ కట్టేస్తే అప్పు తీరిపోయింది. మూడే వంతులు, కట్టింది 33. ఇందాకటి కన్నా ఒక్క గింజ ఎక్కువ, అంతే!

ఆట ముగిశాక ఒక మాట తప్పక చెప్పండి: నిజం కార్డుల రేటు ఇంత ఉండదు, త్వరగా కనబడాలని సగం పెట్టుకున్నాం. చెప్పకపోతే కార్డంటేనే హడలిపోతారు.

3. నిజం అంకెలు

12 ఏళ్లు దాటినవాళ్లతో కాగితం మీద లెక్క వేయించండి. బాకీ 10,000, వడ్డీ నెలకు 3 శాతం, కొత్త కొనుగోళ్లు లేవనుకుందాం. ఏమీ కట్టకపోతే, ఆలస్య రుసుములు వదిలేసినా, ఏడాదికి 14,258 అవుతుంది. బారువడ్డీ అయితే 13,600. ప్రతి నెలా బాకీలో 5 శాతమే కడుతూ పోతే, ఏడాదిలో సుమారు 5,500 కట్టాక కూడా 7,704 మిగులుతుంది. కట్టినదాంట్లో 3,200 పైగా వడ్డీకే పోయింది. అదే నెలకు 1,000 చొప్పున కడితే 12 నెలలకు మిగిలేది 66.

ఎన్నాళ్లకు రెట్టింపవుతుందో నోటిలెక్కగా తెలియాలంటే 72ను రేటుతో భాగించమనండి. 3 శాతానికి 24 నెలలు. ఇది ఉజ్జాయింపే అయినా పిల్లలకు భలే నచ్చుతుంది.

4. బిల్లు చదవడం

పేరు, కార్డు నంబరు కనబడకుండా కప్పి ఒక బిల్లు చేతికివ్వండి. మొత్తం బాకీ, కనీస చెల్లింపు, గడువు తేదీ, వడ్డీ రేటు వెతకమనండి. చాలామంది పిల్లలు కనీస చెల్లింపునే బిల్లు అనుకుంటారు. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది గానీ వడ్డీ తప్పదు. గడువులోగా మొత్తం కట్టేస్తే కొనుగోళ్లపై సాధారణంగా వడ్డీ ఉండదు. కొంతే కడితే, చాలా కార్డుల్లో కొన్న రోజు నుంచీ లెక్క మొదలవుతుంది, కొత్త కొనుగోళ్లకూ వడ్డీ పడుతుంది. కార్డుతో నగదు తీస్తే మాత్రం సాధారణంగా ఆ గడువు కూడా దొరకదు, తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము.