చిల్లచెట్టును ఆకు చూసి పోల్చుకోవడం, మళ్లీ మొలవకుండా తీయడం ఎలా?

కావలి, కందుకూరు, ఉలవపాడు వైపు ఏ చెరువు కట్ట ఎక్కినా నీళ్ల కంటే ముందు చిల్లకంపే కనబడుతుంది. సర్కారు తుమ్మ అన్నా ఇదే. మెక్సికో, మధ్య అమెరికా దీని పుట్టిల్లు. మన రాష్ట్రంలో 1877లోనే కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. ఏటా కొట్టిస్తున్నా ఏటా ఎందుకొస్తుందంటే, మనం నేల పైన కొడుతున్నాం, మళ్లీ చిగురు వేసే దాని మొగ్గలేమో నేల కింద ఉన్నాయి.

ముందు ఆకు చూడండి

కూలీలను దించాక జమ్మి, నల్లతుమ్మ కూడా అదే ఊపులో పోతాయి. అందుకే అనుమానం ఉన్న ప్రతి చెట్టు నుంచీ ఒక రెమ్మ తుంచి పక్కపక్కన పెట్టండి.

చిల్ల ఆకుకాడ ఒకటి నుంచి మూడు జతల రెక్కలుగా చీలుతుంది, ఎక్కువగా ఒకటో రెండో జతలే. ఒక్కో రెక్కకు రెండు పక్కలా పది, పదిహేను జతల చిట్టి ఆకులుంటాయి. రెక్కలు విడిపోయే చోట గోటితో తడిమితే ఆవగింజ కంటే చిన్న గిన్నెలాంటి బుడిపె తగులుతుంది. అది తేనె ఊరే గ్రంథి. ఇక ముల్లు: చిల్లకు ఆకు పుట్టే కణుపు దగ్గరే ఉంటుంది, పొడవుగా, సూటిగా. జమ్మికి కణుపుల మధ్య కూడా పొట్టి ముళ్లు చెదురుమదురుగా ఉంటాయి. ఆకులు రెండింటివీ దగ్గరగా ఉంటాయి కాబట్టి ముల్లునే నమ్మండి. నల్లతుమ్మకు రెక్కల జతలు ఎక్కువ, పువ్వు పసుపు బంతి, కాయ పూసల దండ. చిల్ల పువ్వు పొడుగాటి కంకి.

స్కూల్లో మైక్రోస్కోపు ఉంటే పిల్లలకు ఇంకోటి చూపించొచ్చు: పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రాలు. ఉదయం కోసిన ఆకు దుమ్ము కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, చిట్టి ఆకు మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక్క పలచటి పూత వేయండి. 15 నిమిషాలు ఆరాక పారదర్శక టేపు అద్ది మెల్లగా లాగి స్లైడు మీద అతికించండి. పై వైపుకొకటి, కింది వైపుకొకటి. ముందు 10, తర్వాత 40 లెన్సుతో చూడాలి. పూత మందమైతే గాలి బుడగలు వస్తాయి, వాటినే పత్రరంధ్రాలు అనుకుంటారు. అసలు రంధ్రానికి రెండు పెదాల్లా రక్షక కణాలు ఉండాలి. పక్కనే ఉలవపాడు మామిడాకుకూ ఇలాగే చేయండి. మామిడికి రంధ్రాలు కింది వైపే, చిల్లకు రెండు వైపులా. గాలి రెండు వైపుల నుంచీ పీల్చుకుంటుంది. ఆ రంధ్రాల్లోంచి ఆవిరై పోయే నీటిని లోతు వేరు తెచ్చిపెడుతుంది.

ఇక తీయడం

మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి. నేల మెత్తగా ఉండగానే, అంటే సంక్రాంతి అటూ ఇటూగా, కాయ పండకముందే మొదలుపెట్టాలి.

మోకాలెత్తు మొక్కను తోలు గ్లవ్స్ వేసుకుని మొదట్లో పట్టి పీకేయొచ్చు. మణికట్టు లావు దాటితే కొమ్మలు నరికి, మూరెడు మోడు ఉంచి, చుట్టూ పలుగుతో అడుగు లోతు తవ్వండి. తల్లివేరును ఆ లోతులో గొడ్డలితో తెంపి, మోడు పట్టుకుని ఊపితే వచ్చేస్తుంది. మొగ్గలన్నీ ఆ అడుగులోపే. కింద మిగిలిన వేరు చిగురించదు, దాని కోసం గుంత పెంచకండి. నేల మట్టానికి కోస్తే మాత్రం ఒక్క కాండానికి బదులు పది లేస్తాయి. బొగ్గుబట్టీకి కంప కావాలనుకునేవాళ్లకు అదే లాభం, పొలం రైతుకు కాదు.

చెరువు కట్ట మీద పెద్ద మోడు పెకలిస్తే గుంత వదలొద్దు. బంకమట్టి పొరలు పొరలుగా నింపి దిమ్మిసతో కొట్టాలి, లేకపోతే నీరు ఊటేసేది అక్కడే. పంచాయతీకి చెప్పకుండా కట్ట ముట్టుకోకపోవడమే మేలు.

కాయలున్న కంపను పొలంలో ఈడ్చకండి. కాయ తియ్యగా ఉంటుంది కాబట్టి గొడ్లు వదలవు. గింజ అరగకుండా పేడలో పడి ఇంకా బాగా మొలుస్తుంది. చిల్లలో మేసిన మందను పొలంలో కట్టించినా ఇదే తంటా. మంద కట్టించక తప్పకపోతే, కాయలు రాలే ఎండాకాలం వదిలేసి కట్టించండి.

గింజ మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ప్రతి వానకూ పది రోజుల తర్వాత ఒక చుట్టు తిరిగి, రెండాకుల మొక్కలను చేత్తోనే లాగేయండి. ఖాళీ నేలలో జనుము చల్లితే ఆ నీడలో చిల్ల మొలక సాగదు.