వానలకు ముందు పికప్ తొట్టి విప్పుతున్నారా? పట్టేసిన బోల్టులతో జాగ్రత్త

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇవ్వగానే పికప్ బండ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. తొట్టి అడుగు రేకు మార్చడం, విరిగిన అడ్డపట్టీకి అతుకు వేయించడం, వెనక డోరు కీళ్లు మార్చడం లాంటి పనులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడేదాకా ఆగితే, తడి నేల మీద పడుకుని కరెంటు గ్రైండర్ పట్టుకోవాలి. అంతకన్నా పిచ్చి పని ఉండదు. కాబట్టి పనికి ఇదే సమయం. చిక్కంతా బోల్టుల దగ్గరే వస్తుంది. నాలుగైదేళ్లు బరువులు మోసిన తొట్టి బోల్టు పానా పెట్టగానే విప్పుకుని వస్తుందనుకోవడం అత్యాశ.

పానా పట్టుకునే ముందే ఒక లెక్క తేల్చుకోండి. బోల్టు పోతే టీ, టిఫిన్ ఖర్చుతో కొత్తది వస్తుంది. చాసిస్ బెజ్జం పాడైతేనో, క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డదూలం) లోపల వెల్డింగ్ చేసిన నట్టు ఊడిపోతేనో బండి షెడ్డులో నిలబడిపోతుంది, కిరాయి పోతుంది. అందుకే బోల్టును ఎలాగైనా బతికించాలని కుస్తీ పట్టొద్దు. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మేస్త్రి రెండుసార్లు పానా వేసి చూసి, మూడోసారి "కోసేద్దాం అన్నా" అంటాడు. మనకు అది బద్ధకంలా కనిపిస్తుంది. నిజానికి బండి యజమానికి అక్కడే డబ్బు మిగులుతుంది.

ఏ బండి ఎంత మొండికేస్తుందో అది మోసిన సరుకును బట్టి ముందే చెప్పొచ్చు. నిజాంపట్నం, మచిలీపట్నం వైపు నుంచి చేపలు, రొయ్యలు తెచ్చే బండ్లు అన్నిటికన్నా అన్యాయం. ఐసు కరిగిన ఉప్పునీళ్లు రేకు సందుల్లోంచి కారి, సరిగ్గా బోల్టు తలల చుట్టూ చేరతాయి. ఎరువుల బండ్లు వాటి తర్వాత. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఉప్పు జాతే. ఇసుక తోలే బండిలో ఇసుక తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఎండ కాసినా లోపల ఆరదు. మిర్చి, పత్తి తోలే బండి బోల్టులు కొంత నయం, కానీ వాటితో వేరే ప్రమాదం ఉంది, అది తర్వాత చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్లలో నానిన బండి అయితే పైకి ఎంత శుభ్రంగా కనిపించినా నమ్మొద్దు. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. అది మరల మధ్య ఉన్న సన్నటి సందంతా నిండి నట్టును లోపలి నుంచి నొక్కి పట్టుకుంటుంది. బయట తుప్పు తుడిచినంత మాత్రాన లోపలి పట్టు వదలదు.

రెండు మూడు రోజుల ముందు

ముందు బండి అడుగు భాగం నీళ్లు కొట్టి కడిగించి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత బోల్టు కొస మీద, నట్టు దాటి బయటకు వచ్చిన మరలను వైర్ బ్రష్‌తో తెల్లగా వచ్చేదాకా రుద్దాలి. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా పానా పెడతారు. నట్టు విప్పేటప్పుడు ఆ తుప్పు, మట్టి ఉన్న మరల మీదుగానే బయటకు రావాలి కదా. సగం దాకా వచ్చి అక్కడ పట్టేస్తుంది, అప్పుడు ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

రుద్దాక తుప్పు వదిలించే నూనె పోయండి. డబ్ల్యూడీ-40 డబ్బా అందరి దగ్గరా ఉంటుంది కానీ, మొండి తుప్పుకు అందులో మామూలు రకం కన్నా లోపలికి దిగడానికే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు. ఏదీ లేకపోతే డీజిల్ కూడా కొంత పని చేస్తుంది, కానీ దానికి టైము ఇవ్వాలి. సాయంత్రం పోసి, నట్టు పక్కల మీద సుత్తితో చిన్నగా తట్టి వదిలేయండి. మర్నాడు పొద్దున మళ్లీ అంతే. ఆ తట్టడం వల్లే నూనె లోపలికి దారి వెతుక్కుంటుంది. గేర్ ఆయిల్, అసిటోన్ కలిపి పోసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. పని చేస్తుంది, కాదనను. కానీ అసిటోన్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది. అది పోసిన చోట ఆ రోజు గ్యాస్ గానీ గ్రైండర్ గానీ పెట్టకూడదు. ఇంత గుర్తు పెట్టుకోవడం కష్టమనుకుంటే ఆ మిశ్రమం జోలికే పోవద్దు.

ఈ ఖాళీలోనే కొత్త బోల్టులు కొని పెట్టుకోండి. తల మీద ఉండే అంకె బోల్టు బలాన్ని చెబుతుంది. పాతదాని మీద 8.8 అని ఉంటే కొత్తది కూడా అదే అంకె ఉన్నది తీసుకోవాలి, 10.9 అయితే 10.9. అంకె ఏమీ లేని బోల్టు తొట్టి బిగించడానికి పనికిరాదు, షాపువాడు ఎంత బాగుంటుందన్నా సరే. మర కూడా చూసుకోవాలి. 12 మిల్లీమీటర్ల బోల్టులోనే 1.75 మర, 1.25 మర (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) రెండూ దొరుకుతాయి. ఒకటి తిరగాల్సిన చోట రెండోది ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో మరను కోసేస్తుంది. పాత నట్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్లి దాంతో సరిచూసుకోవడం తేలిక. లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్లు అయితే ఒకసారి విప్పినవి మళ్లీ వాడొద్దు.

పని రోజున

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో తొట్టి రేకు మీద చేయి ఆనించలేం. పొద్దున్నే మొదలుపెట్టి పదిన్నర, పదకొండుకల్లా ఆపేయడం మంచిది. చెమట చేతులతో పానా జారితే ముందు చిట్లేది వేళ్ల కణుపులే.

లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. గ్రైండర్ డిస్కు తువ్వాలు అంచును లాగిందంటే మెడదాకా లాగేస్తుంది. కంటికి అద్దాలు పెట్టుకోకుండా బండి కిందకు దూరొద్దు; పడుకుని పైకి చూస్తూ సుత్తి కొడితే తుప్పు పెళ్లలు సూటిగా కంట్లోకే రాలతాయి. పొరపాటున ఇనుప రజను కంట్లో పడితే నలపకండి, రుమాలు కొసతో తీయనివ్వకండి. కంటి ఆసుపత్రికి వెళ్లండి. తుప్పు పట్టిన రేకు గీసుకుంటే టీటీ సంగతి కూడా అడగండి.

జాకీ మీద నిలబెట్టిన బండి కింద పడుకోవద్దని అందరికీ తెలుసు, అయినా పడుకుంటారు. పట్టేసిన బోల్టును గట్టిగా గుంజినప్పుడు బండి మొత్తం కదులుతుంది. చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, స్టాండుల మీద దించాకే కిందకు వెళ్లండి. తొట్టి పూర్తిగా ఎత్తే పనైతే చివరి రెండు బోల్టులు వదులు చేసేలోపే పైన గొలుసు తగిలించి ఉండాలి. మనుషుల బలం మీద ఆధారపడొద్దు.

ఇప్పుడు పానా. రెండు నోళ్ల పానా కాదు, ఆరు మూలలూ పట్టే సాకెట్టు పెట్టండి. నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోవడానికి సగం కారణం సరిపడని పానాయే. 19 పెట్టాల్సిన చోట 20 పెట్టి, సందులో రేకు ముక్క దూర్చే తెలివి మనవాళ్లకు చాలా ఉంది. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పి చూడండి. తుప్పు పట్టు అక్కడ చిట్లుతుంది. తర్వాత పావు చుట్టు విప్పి, మళ్లీ కాస్త బిగించి, నూనె వేసి, మళ్లీ విప్పాలి. ఓపిక కావాల్సిన పని ఇది. పానాను మీ వైపు లాగండి, తోయకండి. తోసేటప్పుడు పట్టు తప్పితే ముఖం వెళ్లి చాసిస్‌కు తగులుతుంది. పానాకు పైపు తొడిగితే బలం పెరుగుతుంది, దాంతోపాటు బోల్టు మెడ తెగే అవకాశమూ పెరుగుతుంది. బోల్టు రబ్బరులా మెత్తగా తిరుగుతున్నట్టు చేతికి తెలిసిందంటే అది విప్పుకోవడం లేదు, మెలితిరుగుతోంది. అక్కడితో ఆపేయాలి. టైర్ల షాపువాళ్ల ఎయిర్ గన్ తెప్పిస్తే చాలాసార్లు తేలిగ్గా వస్తుంది, ఎందుకంటే అది ఒకేసారి మెలితిప్పకుండా చిన్న చిన్న దెబ్బలు వేస్తుంది. అయితే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టే ఉంటే ఎయిర్ గన్ వద్దు. ఆ రెండూ రాపిడికి వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

తొట్టి పలకల మీద గుండు తల బోల్టులు ఉంటాయి, మెడ చదరంగా ఉండి బెజ్జంలో ఇరుక్కునేవి. బెజ్జం తుప్పు తిని వదులైతే కింద నట్టు తిప్పుతుంటే పైన తల కూడా తిరుగుతూనే ఉంటుంది. పైన ఒకర్ని పట్టుకోమని అరుస్తూ గంట గడిపే బదులు కింద నట్టును కోసేయడమే దారి.

నిప్పు, గ్రైండర్ వాడాల్సి వస్తే

మిర్చి, పత్తి బండ్ల ప్రమాదం ఇక్కడుంది. తొట్టికీ చాసిస్‌కూ మధ్య, అడ్డపట్టీల మూలల్లో పత్తి దూది, గోనె పీచు, మిరప గింజలు ఏళ్లుగా పేరుకుని ఉంటాయి. నీళ్లతో కడిగినా పూర్తిగా పోవు. గ్రైండర్ రవ్వ ఒకటి అందులో పడితే మంట రాదు, లోలోపల కాలుతుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు రాజుకుంటుంది. మిరప కాలిన పొగ వస్తే షెడ్డులో ఎవరూ నిలబడలేరు, ఆర్పడానికి దగ్గరకు వెళ్లలేరు. కడ్డీ పెట్టి ప్రతి మూలా గీకించండి. పని ఆపాక కూడా అరగంట, ముప్పావుగంట బండి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. బకెట్ నీళ్లు, ఇసుక పక్కనే ఉండాలి.

డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగు ఏ బోల్టు పక్కన వెళ్తున్నాయో ముందు వేలు పెట్టి చూపించుకోండి. ట్యాంకుకు చేరువలో ఉన్న బోల్టుకు గ్యాస్ మంట అసలు వద్దు. అక్కడ రవ్వలు లేకుండా ఉలితో నట్టు చీల్చడమో, చేతి రంపంతో కోయడమో చేయాలి. ఎంత ఆలస్యమైనా సరే. మిగతా చోట్ల ట్యాంకు వైపు తడిపిన గోనె పట్టాలు అడ్డం కట్టండి. వేడి చేసేది నట్టును, బోల్టును కాదు. నట్టు వ్యాకోచిస్తే పట్టు వదులుతుంది. తెల్లగా జింకు పూత మెరిసే నట్టును కాలిస్తే వచ్చే పొగ పీల్చొద్దు, ఆ రాత్రి చలిజ్వరం తెప్పిస్తుంది. ఒకసారి ఎర్రగా కాల్చిన బోల్టు బలం పోయినట్టే. బాగానే ఉంది కదా అని మళ్లీ బిగించొద్దు.

నట్టు మీద ఇంకో నట్టు వెల్డింగ్ చేసి తిప్పే పద్ధతి మూలలు అరిగిన వాటికి బాగా పనికొస్తుంది. వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో కంప్యూటర్ యూనిట్లు, సెన్సార్లు ఎక్కువ, వాటి ఖరీదూ ఎక్కువే. వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును పని చేసే బోల్టు పక్కనే తగిలించాలి, బండి ఆ చివర ఎక్కడో కాదు.

గ్రైండర్ కవచం తీసేసి వాడే అలవాటు ఆటోనగర్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మీ బండి దగ్గర ఒప్పుకోకండి. కోసే డిస్కు మధ్య రింగు మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, అది దాటిందేమో చూడండి. సన్నటి కటింగ్ డిస్కుతో పక్కకు అరగదీయకూడదు, పగిలి ఎగురుతుంది.

లోపల విరిగితే

తల తెగి మొండెం లోపలే ఉండిపోతే కంగారు పడకుండా సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, చిన్న బిట్టుతో మొదలుపెట్టి డ్రిల్ చేయాలి. మధ్య తప్పితే పక్క మర పోతుంది. ఈజీ అవుట్ (విరిగిన బోల్టును బయటకు తిప్పి తీసే పనిముట్టు) పెట్టి తిప్పేవాళ్లకు ఒక్క హెచ్చరిక: అది చాలా గట్టి స్టీలు, లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని తాకను కూడా తాకదు. బోల్టే కదలనప్పుడు ఈజీ అవుట్ మాత్రం ఏం చేస్తుంది? మొత్తం డ్రిల్ చేసి మళ్లీ ట్యాప్ కొట్టించడం, అంటే కొత్తగా మర కోయించడం మేలు. 10 మిల్లీమీటర్ల 1.5 మరకు 8.5 బిట్టు, 12 మిల్లీమీటర్ల 1.75 మరకు 10.2 బిట్టు. మర బాగా పోతే ఒక సైజు పెద్దది చేయొచ్చు, కానీ బ్రాకెట్లో, క్రాస్ మెంబర్‌లో మాత్రమే. చాసిస్ పొడవాటి దూలాల పై అంచు, కింది అంచు మీద కొత్త బెజ్జం వేయించొద్దు, వెల్డింగ్ పెట్టించొద్దు. బరువంతా ఆ అంచుల మీదే పడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. కమాన్ పట్టీల యూ బోల్టుల పని తొట్టి పనితో కలిపి సొంతంగా పెట్టుకోవద్దు. అవి విప్పితే కొత్తవే వేయాలి, కొలత ప్రకారం బిగించాలి, అది మెకానిక్ పని.

బిగించేటప్పుడు మరలకు పట్టేయకుండా చూసే యాంటీ సీజ్ పేస్టో, అది లేకపోతే గ్రీజో పూయండి. గ్రీజు పూసిన బోల్టు తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి పాత బలమంతా పెడితే అవసరానికి మించి సాగుతుంది, అందుకే చేయి కాస్త తగ్గించాలి. అల్యూమినియం రేకు మీద ఇనుప బోల్టు నేరుగా ఆనకుండా మధ్యలో రబ్బరు వాషర్ వేయండి. బయటకు వచ్చిన మరల మీద పెయింటు గానీ మందంగా గ్రీజు గానీ పూస్తే వచ్చే ఏడు ఇంత బాధ ఉండదు. తొట్టి కింద రబ్బరు ప్యాకింగు కొత్తది వేసి ఉంటే మొదటి రెండు లోడ్లకు అది అణిగి బోల్టులు వదులవుతాయి. లోడు దించి వచ్చిన రోజే మళ్లీ ఒకసారి అన్నిటికీ పానా వేయించండి.